గేదె చుట్టూ గ్రంథాలయం

ఆ ఊరు ఎక్కడని మాత్రం అడక్కండి. చెబితే మీ చుట్టాలో మా చుట్టాలో బయటపడతారు. ఎందుకొచ్చిన గొడవ!

ఆ ఊళ్ళో గ్రంథాలయం పానకాలు చూసుకునేవాడు. పానకాలు, వాళ్ళమ్మ అక్కాయమ్మ, భార్య మాణిక్యాంబ, ముగ్గురికి ముగ్గురూ మహా తెలివైన వాళ్ళు. ఈ మాట ఊరు అనలేదు, వాళ్ళకి వాళ్ళే అనుకునేవాళ్ళు. ఊరికి అంత తీరిక ఎక్కడిది!

అందులోనూ మాణిక్యాంబ మరీను. మనిషి సిగ్గరి. పదిమందిలో గొంతు పైకి రాదు. అయిదో తరగతితో చదువు ఆపేసింది. ఎందుకంటే, అయిదు పాసైన రోజున మేష్టారు "ఇక నీకు చెప్పడానికి నా దగ్గరేం లేదమ్మా" అన్నారు. అంతే! ఆయన చదువంతా తనకి వచ్చేసిందని తేల్చుకుంది. ఆ రోజు నుంచి తన తెలివికి తన దిష్టే తగులుతుందేమోనని భయం. ఆదివారం వస్తే చాలు, తన తలకి తనే ఉప్పు దిగదుడుచుకునేది.

ఒకరోజు జిల్లా నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టింది.

"పానకాలు గారూ, పెద్ద చదువులవాళ్ళు పరిశోధనలు చేసి రాసే పత్రికలన్నీ ఇందులో చూడొచ్చు. పంటల మీద, పశువుల మీద, రోగాల మీద. అవి కొనాలంటే మన తరం కాదు. అందుకని వాటిని అచ్చువేసేవాళ్ళతో ఒప్పందం చేసుకుని తెప్పించాం. ఒప్పందం అన్నాక షరతులుంటాయి. జాగ్రత్తగా వినండి."

ముగ్గురూ జాగ్రత్తగా విన్నారు. అక్కాయమ్మ అయితే ఇంకా బాగా వినపడాలని కళ్ళజోడు కూడా పెట్టుకుంది.

"ఏ వ్యాసమైనా గ్రంథాలయం గోడల లోపలే చదవాలి. గోడ దాటకూడదు. ఒకేసారి ముగ్గురికి మించి చూడకూడదు. అలాగని వాడకుండా మూలన పడేశారో, వచ్చే ఏడు తీసేస్తారు. రోజూ వాడుతుండాలి. ఇక పాస్‌వర్డు. దగ్గరికి రండి, అది చెవిలో చెబుతా. ఎవరికీ తెలియకూడదు."

పానకాలు సరేనని రెండు చెవుల్లోనూ దూది కుక్కుకుని దగ్గరికి వచ్చాడు. ఆఫీసరమ్మ చెప్పింది. ఆయన తల ఊపి, దూది తీసేశాడు.

"ఏదీ, ఒకసారి మళ్ళీ అనండి?" అందావిడ.

"నాకేం తెలుసండీ? ఎవరికీ తెలియకూడదన్నారుగా. నేనూ ఎవరో ఒకణ్ణే కదా!"

ఆఫీసరమ్మ తల పట్టుకుంది. మాణిక్యాంబకి జాలేసింది. ఇంత తెలివి ఒక్కచోట చూసి తట్టుకోలేకపోయింది పాపం, అనుకుంది. చివరికి ఆఫీసరమ్మే పాస్‌వర్డు కొట్టి, ఇక మళ్ళీ అడక్కుండా ఏర్పాటు చేసి, బస్సెక్కేసింది.

మర్నాటి నుంచి వాడకం మొదలు. "రోజూ వాడమందిగా!" అని అక్కాయమ్మ పొద్దున్నే ఆవకాయ జాడీ గ్రంథాలయానికి తెచ్చి, ల్యాప్‌టాప్‌ని దాని మీద మూతగా వాడింది. మధ్యాహ్నం దాంతోనే విసురుకుంది. వెచ్చగా తగులుతోందని సాయంత్రం దాని మీద నాలుగు వడియాలు కూడా పెట్టింది. "ఇంత వాడకం ఏ ఊళ్ళో ఉంటుందే?" అని కోడల్ని అడిగింది. "ఎక్కడుంటుంది అత్తయ్యా!" అని మాణిక్యాంబ మురిసిపోయింది.

ఇక ముగ్గురికి మించకూడదన్నారా, నాలుగో మనిషి వస్తే ఎలాగని పానకాలు రాత్రంతా ఆలోచించాడు. తెల్లారేసరికి ఉపాయం తట్టింది. అమ్మనీ భార్యనీ అటూ ఇటూ కూర్చోబెట్టుకుని, తలుపు తీసింది మొదలు మూసేదాకా ఆయనే మధ్యలో కూర్చున్నాడు. ముగ్గురయ్యారు. ఇక మించేదెలా! మిరపతోటకి తెగులొచ్చిందని ఒక రైతు వచ్చాడు. నిండిపోయిందన్నారు.

"మీరు కాస్త లేస్తే నేను చూసుకుంటాగా?" అన్నాడా రైతు.

"మేం లేస్తే ఖాళీ అవుతుంది. ఖాళీ అయితే ఎవరన్నా వచ్చేస్తారు. అప్పుడు ఆపేదెవరు?" అన్నాడు పానకాలు.

రైతు వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. చూశావా, షరతు తప్పలేదు అని ముగ్గురూ సంతోషించారు.

ఇలా ఏ లోటూ లేకుండా జరుగుతుండగా ఒకనాటి పొద్దున్న సలోమి పరుగెత్తుకొచ్చింది. జుట్టుముడి ఊడిపోయింది, కొంగు నేల మీద జీరాడుతోంది. సలోమికి ఉన్నదల్లా రాణి అనే గేదె. దాని పాలతోనే ఇద్దరు ఆడపిల్లల్ని సాకుతోంది. మాణిక్యాంబ ఇంట్లో పొద్దుటి కాఫీ కూడా ఆ పాలతోనే.

"మాణిక్యమ్మా, నా రాణి పడిపోయిందే! నిండు చూడిది. మేత ముట్టలేదు, నెమరు వెయ్యట్లేదు, లేపితే లేవట్లేదు. డాక్టరుకి ఫోన్ చేశా. ఆయన ఎక్కడో దూరపు ఊళ్ళో ఉన్నాడు, సాయంత్రానికి గానీ రాలేడంట. ఇలాంటి జబ్బు మీదే పశువుల పత్రికలో కొత్తగా వ్యాసం పడిందంట, కింద రైతుల కోసం తెలుగులో కూడా ఉంటదంట. అందులో చెప్పినట్టు ఇప్పుడే తాగించు, ఆలస్యమైతే తల్లీ దక్కదు, పిల్లా దక్కదు అన్నాడు. నాకేమో అక్షరం ముక్క రాదు. తొందరగా చూడండి!"

మాణిక్యాంబ గుండె కరిగిపోయింది. "సలోమక్క లోపలికి రావాలి, మనం లేద్దాం" అంది. ఇంకేముంది, ముగ్గురూ మర్యాదగా లేచి బయటికొచ్చి, సలోమిని ఒక్కదాన్నే లోపల కూర్చోబెట్టారు. చదువొచ్చిన ముగ్గురూ బయట, అక్షరం రాని మనిషి లోపల. సలోమి ల్యాప్‌టాప్ వంక, అది సలోమి వంక చూసుకుంటూ కూర్చున్నాయి.

"చదివావా సలోమక్కా?" అని గుమ్మంలోంచి మెల్లగా అడిగింది మాణిక్యాంబ.

"నా మొహం! నువ్వు లోపలికి రావే తల్లీ!"

అప్పుడు మాణిక్యాంబ లోపలికెళ్ళి, వడియాల పిండి కొంగుతో తుడిచి, డాక్టరు చెప్పిన వ్యాసం వెతికి పట్టుకుంది. ఇంకా ఒక్క ముక్క కూడా చదవకముందే గుమ్మంలోంచి అక్కాయమ్మ కేకేసింది. "ఆగవే! జబ్బు ఎవరికి?"

"గేదెకి అత్తయ్యా."

"మరి గేదెది దీనికి చదివి వినిపిస్తావేం? ఒకళ్ళ మందు ఇంకొకళ్ళకి చెబితే సరిపోతుందా?"

నిజమే కదా అనిపించింది మాణిక్యాంబకి. తనకి ముందే ఎందుకు తోచలేదా అని సిగ్గుపడింది కూడా. గేదె రాలేదు. వ్యాసమే గేదె దగ్గరికి వెళ్ళాలి. గోడేమో దాటకూడదు. ఏం చెయ్యాలి? తెలుగులో ఉన్న ఆ నాలుగు ముక్కలూ మనసులోనే చదువుకుని, కళ్ళు మూసుకుని బట్టీ పట్టేసింది. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు లోపల్లోపలే వల్లె వేసుకుంటూ గుమ్మం దాటబోయింది.

పానకాలు చేతులు అడ్డం పెట్టాడు. "ఎక్కడికే? వ్యాసం బుర్రలో పెట్టుకుని గోడ దాటుతున్నావా? దాన్ని ఇక్కడే వదిలెయ్."

"ఎలా వదలనండీ?"

"మర్చిపో!"

అంతే, మాణిక్యాంబ గడప మీద చతికిలబడి మర్చిపోవడం మొదలుపెట్టింది. సలోమి "వద్దే, మర్చిపోకే, నీ కాళ్ళు పట్టుకుంటానే" అని ఏడుస్తోంది. అక్కాయమ్మ "తొందరగా మర్చిపో, అవతల గేదె ప్రాణం మీదకొచ్చింది" అని తొందరపెడుతోంది. మొగుడి మాట ఏనాడూ జవదాటని ఇల్లాలు కాబట్టి మాణిక్యాంబ ఒక్క అక్షరం కూడా మిగలకుండా శుభ్రంగా మర్చిపోయి లేచింది. అలా మర్చిపోవడం కూడా అందరికీ చేతకాదని కాస్త గర్వపడింది.

సలోమి ఇక గోడకేసి తల కొట్టుకుంది. అలా కొట్టుకోగానే ఒక ఇటుక ఊడి కింద పడింది. ఆ గోడలు ఎన్నడో బురదతో పేర్చినవి, గట్టిగా తుమ్మితే రాలేలా ఉంటాయి. పైకప్పు స్తంభాల మీద నిలబడింది గనక సరిపోయింది. పానకాలు ఆ ఇటుక వంక చూశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"గోడల లోపల చదవమంది ఆఫీసరమ్మ. గోడలు ఎక్కడుండాలో చెప్పిందా?"

"చెప్పలేదండీ!" అంది మాణిక్యాంబ. ఇలాంటి మొగుణ్ణి ఇచ్చినందుకు దేవుడికి అక్కడే దణ్ణం పెట్టుకుంది.

ఇంకేముంది! పలుగులు వచ్చాయి, ట్రాక్టరు వచ్చింది. గ్రంథాలయం బాగుపడుతోందంటే ఊళ్ళోవాళ్ళంతా తలా ఒక చెయ్యి వేశారు. మధ్యాహ్నానికల్లా నాలుగు గోడలూ ఇక్కడ ఊడి, సలోమి పాకలో గేదె చుట్టూ లేచాయి. సలోమి రాణి తల ఒళ్ళో పెట్టుకుని, ఎవరేం చేస్తున్నారో కూడా పట్టించుకోలేదు. మాణిక్యాంబ పక్కనే నిలబడి "ఇటువైపు ఇంకొంచెం ఎత్తు" అని చెబుతూ ఉంది. ద్వారం ఎక్కడ పెట్టమంటారని తాపీ మనిషి అడిగితే పానకాలు ఒప్పుకోలేదు. ద్వారం పెడితే అక్కడ గోడ ఉండదు. గోడ లేని మేర షరతు తప్పినట్టే కదా! అందుకని నిలువెత్తున, ఎక్కడా సందు లేకుండా కట్టించేశాడు.

అంతా అయ్యాక చూస్తే ల్యాప్‌టాప్ అక్కడే ఉండిపోయింది. పానకాలు పరుగెత్తాడు. గోడల్లేని గ్రంథాలయంలో అక్కాయమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పొరపాటున కూడా కనపడకుండా కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది. "ఇక్కడ చూస్తే తప్పురా నాయనా, ఇప్పుడిది బయటే కదా!" అంది. పానకాలు కూడా కళ్ళు మూసుకున్నాడు. కొడుకు తల్లిని, తల్లి కొడుకుని పట్టుకుని బయల్దేరారు. ముందు కల్లాపి నీళ్ళలో కాలేశారు. తర్వాత పేడకుప్పలో. తర్వాత ఎవరిదో పెరట్లోకి వెళ్ళి, ఆరేసిన చీరలో చుట్టుకుని, ఆ ఇంటి కోడళ్ళ చేత నాలుగు చీవాట్లు తిని, ఎలాగోలా వచ్చి గోడకి గుద్దుకున్నారు. "అమ్మయ్య, చేరాం" అన్నారు. ల్యాప్‌టాప్‌ని గంపలో పెట్టి తాడుతో లోపలికి దింపారు.

మాణిక్యాంబ గేదె చెవి దగ్గర కూర్చుని, వ్యాసం పేరు, రాసినవాళ్ళ పేర్లు, వాళ్ళు పనిచేసే ఊళ్ళ పేర్లతో సహా మొదలుపెట్టింది. రాణి నీరసంగా ఒక కన్ను తెరిచింది.

"చూశావా, చదువుకున్నవాళ్ళ పేరు వింటేనే ఎంత గురి కుదిరిందో!"

"మందు దగ్గరికి రావే!" అని సలోమి అరిచింది.

మందు వచ్చింది. గోరువెచ్చని నీళ్ళలో బెల్లం, శొంఠి ఫలానా మోతాదున కలిపి, కొంచెం కొంచెంగా తాగిస్తూ, ఎండుగడ్డితో పొట్ట రుద్దాలని ఉంది. సలోమి గోడవైపు తిరిగి "పానకాలన్నా, బె..." అనబోయింది. మాణిక్యాంబ చటుక్కున ఆమె నోరు మూసేసింది.

"అదేమిటక్కా! అలా అరిస్తే వ్యాసం గోడ దాటదూ?"

సలోమి ఆ చేతిని విదిలించుకుంది. ఈ మనుషులతో వాదిస్తే గేదె పోతుంది. గొంతు చించుకుని, "పానకాలన్నా! మీ వంటింట్లో ఏముంటే అది మొత్తం తెచ్చి లోపల పడెయ్యి! వేణ్ణీళ్ళు కూడా!" అని కేక పెట్టింది.

దీనికి షరతు అడ్డం రాలేదు. తల్లీకొడుకులు ఇల్లు ఊడ్చి తెచ్చారు. ఉప్పు, పప్పు, చింతపండు, ఇంగువ, రోకలి, కూరలు తరిగే కత్తిపీట, అన్నీ గోడ మీంచి దిగుతున్నాయి. సలోమి వాటిల్లోంచి బెల్లం దిమ్మ, శొంఠి కొమ్ములు ఏరుకుంది. రోకలితో దంచి నీళ్ళలో కలిపింది. మాణిక్యాంబ మోతాదు చదువుతుంటే సలోమి తాగించింది. ఇద్దరూ కలిసి చెమటలు కారేలా రుద్దారు. ఎండ వాలేవేళకి రాణి కడుపులో గుడగుడమంది. తల ఎత్తింది. ముందుకాళ్ళు మడిచి, వెనక్కాళ్ళ మీద లేచి, ఒళ్ళు విదుల్చుకుని నిలబడింది. కాసేపటికి నెమరు వేసింది. ఆ తర్వాత ఇంకాసేపటికి, నల్లగా నిగనిగలాడే పెయ్యదూడని ఈనింది.

సలోమి దూడని తుడుస్తూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. మాణిక్యాంబని కావలించుకుని, "ఎన్ని పిచ్చిపనులు చేసినా నా రాణిని నిలబెట్టావే తల్లీ! పద, మీ ఇంటికి జున్నుపాలు నేనే పిండి తెస్తా. ముందు బయటికి పోదాం. పిల్లలు ఎదురుచూస్తుంటారు" అంది.

ఇద్దరూ బయటికి పోదామని చూశారు. చుట్టూ తిరిగారు. మళ్ళీ ఇంకోసారి తిరిగారు.

"పానకాలన్నా! ద్వారం లేదు!" అని సలోమి అరిచింది.

"అదెంత పని!" అన్నాడు పానకాలు. ట్రాక్టరు మీద పడున్న గ్రంథాలయం తలుపుని చట్రంతో సహా మోసుకొచ్చాడు. గోడకి బయటివైపు ఆనించి నిలబెట్టాడు. కిర్రుమని తలుపు తీశాడు. "తీశాను మాణిక్యం, వచ్చెయ్!"

మాణిక్యాంబ ఆ చప్పుడు వినపడిన వైపు చకచకా నడిచి, నుదురు టప్‌మని గోడకి కొట్టుకుంది. మళ్ళీ వెనక్కి వచ్చి, కొంచెం వంగి నడిచింది. ఈసారి నడినెత్తికి తగిలింది.

బయట పానకాలు తలుపులోంచి లోపలికి తొంగిచూశాడు. ఇటుకలే కనపడ్డాయి. "అమ్మా, లోపల ఎవరూ లేరే!" అన్నాడు.

"నువ్వు తలుపు మోసుకొచ్చేలోగా వెళ్ళిపోయుంటార్రా. ఎంతసేపని కూర్చుంటారు?" అంది అక్కాయమ్మ.

అంతే. పానకాలు తలుపు మూసి, పేద్ద తాళం కప్ప వేసి, గట్టిగా రెండుసార్లు లాగి చూసుకున్నాడు. జున్ను తినొచ్చని తల్లితో చెప్పుకుంటూ ఇంటిదారి పట్టాడు.

"మాణిక్యమ్మా! తాళం వేసి వెళ్ళిపోతున్నాడే మీ ఆయన! నా గొంతు పోయింది, నువ్వు అరువే!" అని సలోమి ఆమె భుజాలు పట్టి ఊపేసింది.

మాణిక్యాంబ గాభరాగా అటూ ఇటూ చూసి, పెదాల మీద వేలు పెట్టుకుంది.

"ష్... గ్రంథాలయంలో అరవకూడదు సలోమక్కా!"