పాతరమ్మకు చివరి ముద్ద

ఎర్రబండ గ్రామానికి పడమట, చేనుగట్టున వెలసిన పాతరమ్మ గుడికి తలుపులు లేవు. గర్భగుడి అంటే ధాన్యం దాచేందుకు నేలలో తవ్విన పాత పాతరే. దాని అడుగున అమ్మవారు పిడికిలి బిగించి కూర్చుని ఉంటుంది. ఎక్కడైనా ముందు దేవతకు నైవేద్యం, తర్వాత భక్తులకు ప్రసాదం. ఇక్కడ పిల్లలు తిన్నాకే అమ్మవారు తింటుంది.

పూర్వం ఇక్కడ వానలు మొహం చాటేస్తే, జనం ఆకులు అలములు తిని బతికారు. మోతుబరి శేషప్ప పాతర నిండా మాత్రం జొన్నలే. అవి పండించి ఆ గొయ్యిలో పోసింది ఉరుకుందమ్మ వంటి కూలీలు. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే.

వానల కోసం శేషప్ప జాతర తలపెట్టాడు. రాశి పోసినట్టు సంగటి వండి, అప్పటి ఊరి అమ్మవారికి చూపించి, ఎవరూ ముట్టకుండా చేలో పూడ్చాలట! పిల్లలు సొమ్మసిల్లుతుంటే కూడు మట్టిపాలు చేయమని ఏ దేవత అడిగిందో ఆయనకే తెలియాలి. గింజలు పైకి అందించడానికి ఉరుకుందమ్మను పాతరలోకి దించారు. గట్టు మీద ఆమె కూతురు సుంకమ్మ లేవలేక పడి ఉంది.

"సామీ, పిడికెడు గింజలు నా బిడ్డకు ఉడకేసి పెట్టండి. ఈ పొద్దు తినకుంటే బతకదు" అని ఉరుకుందమ్మ లోపలినుంచి వేడుకుంది.

"అమ్మోరు తినకముందే మీకు కూడు కావల్నా? ఎంగిలైతే వానలొస్తాయా?" అని శేషప్ప కసిరాడు.

"బిడ్డల్ని చంపి తినే అమ్మోరైతే ఆమెనే దిగొచ్చి ఎత్తుకోమను. నేను ఒక్క గింజ ఇయ్యను."

పొగరు అణచాలని శేషప్ప పాతర మీద బండ మూయించాడు. మూసిన పాతరలో గాలాడక దీపం కూడా నిలవదని తెలియని రైతు లేడు. తెలిసే మూయించాడు.

అప్పుడు సుంకమ్మకు అమ్మవారు పూనింది. "నాకు ఆకలి లేదురా, నా బిడ్డలకుంది. తెరువు!" అని గర్జించింది. జనం శేషప్పను పక్కకు నెట్టి బండ తొలగించారు. లోపల ఉరుకుందమ్మ లేదు. జొన్నల మీద, పిడికిలి బిగించిన రాతి విగ్రహం ఉంది. ఆ జొన్నలతోనే వండి మొదటి ముద్ద సుంకమ్మకు పెట్టారు. బిడ్డ బతికింది. తల్లి దేవత అయిందని ఊరు మొక్కింది గాని, ఆ బిడ్డకు కావలసింది అమ్మ.

నేటికీ సుంకమ్మ వంశపు ఆడవారే ఇక్కడ పూజారులు. ఊరి పిల్లలందరూ తిన్నాక చివరి ముద్ద గొయ్యిలోకి దించుతారు. ఆకలిగొన్న బిడ్డకు పెట్టి వచ్చినవారి చేను ఎండదని నమ్మకం. గొయ్యికి మూత వేయరు. కోపం చల్లారాలని అన్ని గ్రామదేవతలకూ జరిపే శాంతి ఈ తల్లికి జరపరు.

మొన్న ఒక ధాన్యం వ్యాపారి పట్టుచీర తెచ్చి, శాంతి జరిపించమని పట్టుబట్టాడు. పూజారి ఈరమ్మ చీర పక్కన పెట్టించి, "ఏ ఊళ్లోనూ పిల్లోళ్లు పస్తు పండుకోలేదని చూసొచ్చి చెప్పు సామీ, అప్పుడు చేద్దాం" అంది.

చీర గట్టు మీదే ఉంది. ఆయన ఇంకా తిరిగి రాలేదు.