పల్లకీ నాటకం, పండితులవారి తీర్పు

ఇదివరకు నేను ఉత్తరాలు తప్ప ఏదీ రాసినదాన్ని కాదు. కథ ఎలా మొదలుపెట్టాలో కూడా సరిగ్గా తెలియదు. కానీ ఈ కథ గుర్తొస్తే చేతిలో పని చేతిలోనే ఆగిపోతుంది. ఎవరికో ఒకరికి చెప్పేదాకా మనసు నిలవదు. అందుకని పెద్దవాళ్ళు చెప్పే తీరులోనే చెప్పేస్తాను.

ఒకానొక రాజ్యంలో, నెమలికొండ అనే కోటలో, జయమల్ల భూపతి అని ఒక రాజు ఉండేవాడు. చెడ్డవాడేం కాదు. కరువొస్తే గాదెలు తెరిపించేవాడు. అయితే ఆయనకు నాటకాల పిచ్చి. ఊరికే చూసి ఊరుకుంటే బాగుండేది. ఆట అయిపోయాక సభలో అందరినీ కూర్చోబెట్టి, ఏ పాత్ర స్వభావం ఎలాంటిది, తప్పెవరిది, ఒప్పెవరిది, ఇందులో నీతి ఏమిటి అని విప్పి చెప్పించేవాడు. ఆట ఒక జాము ఉంటే ఆ వివరణ రెండు జాములు. మధ్యలో ఎవడైనా కునుకు తీస్తే, వాడిని లేపి, వాడి కోసం మళ్ళీ మొదటినుంచీ చెప్పించేవాడు. వాడిని మిగతావాళ్ళు చూసే చూపులు చూడాలి!

ఆ వివరణలు చెప్పేది ఆస్థాన పండితుడు చెన్నకేశవ సోమయాజులు. మనిషి భారీ మనిషి. కూర్చుంటే కింద పీట ఉందో లేదో తెలిసేది కాదు. బిరుదులు మనిషికంటే భారీ. ఆయన సభలోకి అడుగుపెట్టగానే వందిమాగధులు బిరుదులు ఎత్తుకునేవారు. అవి పూర్తయ్యేలోపు ఆయన తాపీగా తాంబూలం వేసుకుని, నమిలి, ఉమ్మేసి వచ్చేవాడు.

నాటకాలాడేది దశరథ భాగవతులుగారి మేళం. ఆ మేళంలో వేషగాళ్ళ ముఖాలకు రంగులు నూరిపెట్టే మనిషి సుంకులమ్మ. నలభై దాటింది. చిన్నప్పుడు వీధిబడిలో మూడేళ్ళు చదువుకుంది, అంతే. నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టేవి. ఇరవై ఏళ్ళుగా తెర చాటున కూర్చుని పసుపురంగూ ఎర్రరంగూ నూరుతూ అన్ని నాటకాలూ చూసింది. ఎవరైనా మాట మరిచిపోతే లోపలినుంచి మెల్లగా అందించేది. అంతకుమించి ఆమె గొంతు ఎలా ఉంటుందో మేళంలోనే చాలామందికి తెలియదు.

ఆమె మగడు ఓబులయ్య రాజుగారి పల్లకీ మోసే బోయీ. పల్లకీకి ముందు నిలబడేవాడు.

ఆ వేసవిలో ఒకనాడు రాజుగారు కొండ మీది గుడికి పల్లకీలో బయలుదేరారు. ఎక్కుడు దారి మధ్యలో, జ్వరంతో ఉన్న ఓబులయ్య కాళ్ళు తడబడ్డాయి. పల్లకీ పక్కకు ఒరిగింది. రాజుగారు దొర్లి ముళ్ళకంపలో పడ్డారు. కిరీటం కొండ దిగువకు గెంతుకుంటూ పోయి మేకల మందలో ఆగింది.

ఓబులయ్యను చెరలో పెట్టారు. అప్పుడు రాజుకు ఒక ఆలోచన వచ్చింది.

"ఈ తగవు కచేరీలో తేల్చను, నాటకంలో తేలుస్తాను. భాగవతులూ, ఇలాంటి కథ ఒకటి కట్టి ఆడించండి. సోమయాజులుగారు పాత్రలను పరీక్షించి తప్పెవరిదో చెబుతారు. ఆ మాటే తీర్పు. బోయీది తప్పని తేలితే, వాడిని పెళ్ళాంతో సహా పొలిమేర దాటించండి."

ఆ మాట విన్న రోజున సుంకులమ్మ చెర దగ్గరకు పోయి, ఊచల సందులోంచి మగణ్ణి అడిగింది.

"జ్వరమని చెప్పొచ్చు కదయ్యా?"

"చెప్పలేదంటావేమే సుంకీ? ఒకసారి కాదు, మూడుసార్లు కేకేశాను. దించండి, భుజం మార్చుకోవాలి, కళ్ళు తిరుగుతున్నాయని. ముందు ఆ బిరుదులు చదివేవాళ్ళ గోలలో నా కేక నాకే వినపడలేదు."

సుంకులమ్మ ఇంటికి పోయి రంగులు నూరుకుంటూ కూర్చుంది. నూరుతూనే ఆలోచించింది.

నాటకం రోజు వచ్చింది. పొద్దున్నే కోట ముంగిట జనం క్రిక్కిరిసిపోయారు. ఓబులయ్యను సంకెళ్ళతో తెచ్చి ఒక స్తంభం పక్కన నిలబెట్టారు. తెర తీశారు. శెట్టిగారు, ఆయన భార్య, కొత్త అల్లుడు పల్లకీలో పెళ్ళికి పోతున్నారు. ముందున్న బోయీకి జ్వరం; ఆ వేషానికి మాటలే కట్టలేదు. శెట్టి కాలు మీద కాలేసుకున్నాడు. భార్య ముహూర్తం మించిపోతోందని తొందరపెట్టింది. అల్లుడు కిటికీలోంచి చెట్లు చూశాడు. కనుమ దగ్గర బోయీ కూలిపోయాడు, పల్లకీ పడిపోయింది. ఆట అయిపోయింది.

సోమయాజులు లేచాడు. బిరుదులు మోగాయి. అవి ఆగాక గొంతు సవరించుకున్నాడు.

"శెట్టి పాత్రను చూడండి. కూలి ఒప్పుకున్నాడు, ఇచ్చాడు. అక్కడితో అతని బాధ్యత తీరింది. ఇక శెట్టిగారి భార్య. తొందరపెట్టింది నిజమే. పెళ్ళికి పోయే ఇల్లాలు తొందరపెట్టక ఏం చేస్తుంది? ఇక అల్లుడు. ఊరికే కూర్చున్నాడు. ఊరికే కూర్చోవడమే అల్లుడి ధర్మం."

సభ గొల్లుమంది. ముందు వరుసలో ఉన్న రాజుగారి అల్లుడు కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

"మిగిలింది బోయీ! జ్వరం వస్తే చెప్పాలి. దేవుడు నోరిచ్చాడు కదా? చెప్పలేదు. కనుక ఈ నాటకంలో ఒకే ఒక్క దోషి ఉన్నాడు. పల్లకీ ఎవడు పడేశాడో వాడు. పడేసినవాడిదే దోషం!"

"భేష్!" అన్నాడు రాజు. "ఎవరికైనా వేరే మాట ఉందా? పండితులవారిది తప్పని చూపించినవాళ్ళకు కోరిన కోరిక తీరుస్తాను. లేదంటే ముద్ర వేసేస్తున్నాను."

రాజముద్ర పళ్ళెంలో వచ్చేసింది.

తెర చాటున సుంకులమ్మ రంగుచిప్ప పక్కన పెట్టింది. లేచింది. కూర్చుంది. మళ్ళీ లేచింది. చేతులకు రంగైనా కడుక్కోకుండా బయటికి వచ్చేసింది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు రాజు.

"రంగులు నూరే సుంకులమ్మనండి, ఏలినవారు. ఆ ఓబులయ్య ఇంటిదాన్ని."

"పండితులవారితో వాదిస్తావా?"

"అమ్మో, నాకెక్కడ చేతనవుతుందండీ! అయ్యవారు ఎంత బాగా చెప్పారు! ఒక్క సందేహం మాత్రం ఉండిపోయింది. మావాళ్ళు మోసింది వట్టి అట్ట పల్లకీ. లోపల కూర్చున్నట్టు అభినయించారు గానీ బరువు లేదు. పాత్ర లోతు తెలియాలంటే నిజం పల్లకీతో ఒకసారి ఆడి చూడాలేమోనని... తెలియక అడుగుతున్నాను."

రాజు చెవులు నిక్కించాడు. నాటకం మళ్ళీ ఆడటమంటే ఆయనకు పండగ.

"శెట్టి పాత్రకు నిండైన మనిషి కావాలి" అంది సుంకులమ్మ, నేల చూపులు చూస్తూ. "అయ్యవారే పల్లకీలో కూర్చుని, వ్యాఖ్యానం చెప్పుకుంటూ వస్తే ఎంత శోభగా ఉంటుంది!"

సోమయాజులు ముఖం వెలిగిపోయింది. "పల్లకీలో కూర్చుని వ్యాఖ్యానం! ఇంతవరకు ఏ ఆస్థానంలోనూ జరగలేదు!"

"ఎటొచ్చీ ముందు నిలబడే బోయీ వేషానికే మనిషి లేడు, ఏలినవారు. జ్వరంతో ఉన్నవాడి నడక, ఆ ఆయాసం, ఆ చూపు... మామూలు వేషగాడి వల్ల కాదు. మహానటుడు కావాలి. ఈ రాజ్యంలో అంతటివాళ్ళు ఒక్కరే ఉన్నారని మా భాగవతులుగారు అంటూ ఉంటారు. పేరెత్తడానికి నాకు భయం."

భాగవతులు తెల్లబోయాడు. ఆయన అలా ఎన్నడూ అనలేదు. కానీ రాజు అప్పటికే కిరీటం తీసి మంత్రి చేతిలో పెట్టేశాడు.

"రంగు తీసుకురా, సుంకులమ్మా!"

ఆ మేళానికి ఒక కట్టుబాటు ఉంది. ముఖానికి రంగు పడ్డాక మంగళహారతి పాడేదాకా ఆ మనిషి ఆ వేషమే. రాజు వేషం వేసినవాడికి నిజం మంత్రులు కూడా లేచి నిలబడాలి. బంటు వేషం వేసినవాడు బయట ఎంతవాడైనా బంటే. ఇది తప్పినవాళ్ళకు కొరడా దెబ్బలని జయమల్ల భూపతే శాసనం వేయించాడు.

సుంకులమ్మ రాజుగారి ముఖానికి మసి పూసింది, కళ్ళ కింద పసుపు దిద్దింది, తలకు ముతక గుడ్డ చుట్టింది. ఇరవై ఏళ్ళలో ఆమె చేయి ఎన్నడూ అంత కుదురుగా లేదు.

"ఏలినవారు, పెద్దవాళ్ళ పల్లకీ ముందు బిరుదులు కూడా ఉండాలి కదండీ?" అని అడిగింది.

"ఉండాలి, ఉండాలి!" అని పల్లకీలోంచి సోమయాజులే అరిచాడు.

మిగిలిన ముగ్గురూ అసలైన బోయీలే. ముంగిలి చుట్టూ మూడు చుట్లు తిరగాలని నిర్ణయం. పల్లకీ లేచింది.

మొదటి చుట్టు రాజు హుషారుగా నడిచాడు. జనం వైపు తిరిగి దగ్గాడు, వణికాడు, కళ్ళు తేలేశాడు. చప్పట్లు మారుమోగాయి.

రెండో చుట్టుకు ఎండ నడినెత్తికి వచ్చింది. బండలు కాలుతున్నాయి. వేషం కనుక కాళ్ళకు చెప్పులు లేవు. లోపల సోమయాజులుకు ఉత్సాహం పొంగుకొచ్చి, చేతులు ఆడించినప్పుడల్లా పల్లకీ ఊగుతోంది. ఊగినప్పుడల్లా కర్ర రాజుగారి భుజంలోకి దిగుతోంది.

"ఆపండి!" అన్నాడు రాజు.

"వ్యాఖ్యాన గండభేరుండా! సందేహ పర్వత వజ్రాయుధా!" అని వందిమాగధులు అందుకున్నారు.

"ఒరేయ్, ఆపండిరా! భుజం ఊడిపోతోంది!"

"అలంకార రత్నాకరా! పరవాది మదగజ సింహమా!"

వెనక బోయీ మెల్లగా అన్నాడు. "కేకలేయకు తమ్ముడూ, ఉన్న ఊపిరి పోతుంది. ఇంకా చుట్టున్నర ఉంది."

"నేనెవరో తెలుసా?"

"తెలియకేం? ముందు బోయీవి. నడు."

లోపలినుంచి సోమయాజులు చేతికర్రతో పల్లకీ చట్రం మీద టకటకా కొట్టాడు. "ఏమిట్రా ఆ గొణుగుడు? కాళ్ళాడించు! ముహూర్తం దాటిపోతోంది!"

రాజు నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. చెమట కారి మసి చారలు కడుతోంది. జనానికి మాట వినపడటం లేదు, ముఖం మాత్రం కనిపిస్తోంది. "అబ్బబ్బ, ఏం నటన! నిజంగా ప్రాణం పోతున్నట్టే ఉంది!" అని ఒకటే కేరింతలు. ఆయన ఎంత గింజుకుంటే అన్ని చప్పట్లు!

మూడో చుట్టు సగంలో రాజుగారి మోకాళ్ళు మడతపడ్డాయి. పల్లకీ ఒరిగింది. సోమయాజులు గుమ్మడికాయలా దొర్లి, దొర్లి, తెర పక్కన సుంకులమ్మ పెట్టుకున్న రంగు తొట్లలో పడ్డాడు. సగం మనిషి పసుపు, సగం మనిషి ఎరుపు.

వందిమాగధులు కూడా నోళ్ళు మూశారు.

"ఎవడురా పడేసింది?" అని సోమయాజులు తొట్లోంచి గర్జించాడు. "పడేసినవాడిదే దోషం! వాణ్ణి తక్షణం పొలిమేర..." అంటూ తలెత్తి చూశాడు. ఎదురుగా చతికిలపడి ఒగరుస్తున్న రాజుగారి ముఖం కనిపించింది.

"నేను చెప్పాను!" అని రాజు అరిచాడు. "నాలుగుసార్లు కేకేశాను! ఒక్కడైనా వినలేదే!"

సుంకులమ్మ చేతులు కట్టుకుని ముందుకొచ్చింది.

"ఏలినవారు, హారతి ఇంకా పాడలేదు. మీరింకా బోయీయే. బోయీ నోరు విప్పలేదని అయ్యవారు తీర్పు చెప్పారు. సభవారిని అడుగుతున్నాను. ఈ బోయీ చెప్పింది ఎవరైనా విన్నారా?"

చప్పట్లు కొట్టిన చేతులు ఒక్కొక్కటే వెనక్కి పోయాయి.

"మరి ఇప్పుడు దోషం ఎవరిదో అయ్యవారే సెలవియ్యాలి."

సోమయాజులు పసుపు ముఖం తుడుచుకున్నాడు. "అంటే... వ్యాఖ్యానంలో రెండో పక్షం ఒకటుంది. దోషం కర్రది. కర్ర పుచ్చింది."

"కొత్త కర్రండీ" అన్నాడు వెనక బోయీ.

"అయితే అల్లుడిది! ఊరికే కూర్చున్నాడు!"

ముందు వరుసలో రాజుగారి అల్లుడు ఈసారి నవ్వలేదు.

రాజు కింద కూర్చునే, స్తంభం పక్కనున్న ఓబులయ్య వైపు తిరిగాడు.

"ఆ రోజు నువ్వు కూడా చెప్పావా?"

"మూడుసార్లు చెప్పానండి, దొరా" అన్నాడు ఓబులయ్య. "ఏలినవారు నాకంటే ఒకటి ఎక్కువే అరిచారు."

రాజు పొట్టలోంచి ఏదో తన్నుకొచ్చినట్టు నవ్వాడు. ఆ నవ్వుకు భుజం కలుక్కుమంటే "అబ్బా" అన్నాడు, మళ్ళీ నవ్వాడు. అప్పుడు గానీ సభకు నవ్వే ధైర్యం రాలేదు. నవ్వొచ్చాక మాత్రం కోట గోడలు అదిరిపోయాయి.

"సంకెళ్ళు తీయండి! తప్పు మోసినవాడిది కాదు, ఎక్కి కూర్చుని వినిపించుకోనివాడిది. అంటే నాది. రాసుకోండి!" అన్నాడు రాజు. తన చేతి బంగారు కడియం తీసి సుంకులమ్మకు ఇచ్చాడు. "కోరిక కోరుకో తల్లీ."

సుంకులమ్మకు సిగ్గు మళ్ళీ ముంచుకొచ్చింది. "ఇక మీద బిరుదులు చదివేవాళ్ళను పల్లకీ వెనక నడిపించండి, ఏలినవారు. ఎక్కుడు దారిలో అసలు వద్దు."

"అలాగే. మరి ఈ నాటకంలో బోయీకి మాటలు లేకపోవడమేమిటి? మాటలు పెట్టాలి. నువ్వు చెప్పు, సోమయాజులుగారు రాసుకుంటారు."

సోమయాజులు ఎర్రరంగు చేత్తోనే గంటం అందుకున్నాడు.

మర్నాడు తెల్లవారగానే సుంకులమ్మ పొయ్యి మీద పెద్ద కుండ పెట్టి వావిలాకు మరిగించింది. గుడ్డ ముంచి, పిండి, ఓబులయ్య భుజానికి కాపడం పెట్టింది. మిగిలినదాన్ని చిన్న కుండలో పోసి, మూతికి గుడ్డతో వాసెన కట్టి, నెత్తిన పెట్టుకుని కోటకు నడిచింది. వాకిట కావలివాడి చేతికి ఆ కుండ ఇచ్చింది.

"రాజుగారి భుజానికి. వేడి మీదే పెట్టమను" అంది. "ఇది పెట్టుకున్నవాళ్ళు మూడు రోజులు మంచం దిగకూడదు, పల్లకీ ఎక్కకూడదు. మా బోయీల ఇళ్ళలో అదే పద్ధతని చెప్పు."