బూడిదబట్ట కట్టిన రాజ్యం

ఏడు సముద్రాలకు ఇవతలి ఒడ్డున, మన తాతల తాతలు కూడా చూడని కాలంలో, ఒక రాజు ఉండేవాడు పిల్లలూ. ఆయన పేరు మణిదత్తుడు. ఆయన రాజ్యంలో మూడు సీమలు. కొండసీమ ఒకటి, ఏటిసీమ ఒకటి, తీరసీమ ఒకటి. మూడు సీమల వాళ్ళదీ ఒకే భాష. తిండి కూడా ఇంచుమించు ఒకటే. కట్టు మాత్రం వేరు.

కొండసీమలో చలి ఎక్కువ. అక్కడి మగవాళ్ళు ఎర్రంచు నల్లగొంగళి కప్పుకునేవాళ్ళు. ఆడవాళ్ళు రవికెలకు గవ్వలు కుట్టుకునేవాళ్ళు. వాళ్ళు కొండ దిగి వస్తుంటే ముందు గవ్వల చప్పుడు వినిపించేది, తర్వాత మనిషి కనిపించేది. ఏటిసీమవాళ్ళు నీలిమందు అద్దిన బట్టలు కట్టేవాళ్ళు. బురదలో దిగి నాట్లు వేస్తారు కదా, అందుకని ఆడవాళ్ళు కూడా చీరను కాసెపోసి కట్టేవాళ్ళు. తీరసీమవాళ్ళది రంగు వెయ్యని తెల్లబట్ట. సముద్రపు గాలికి ఊడిపోకుండా మగవాళ్ళు తలపాగాను ఎడమవైపు నుంచి చుట్టి, కొసను చెవి వెనక దోపుకునేవాళ్ళు. భర్త చేపల వేటకు వెళ్తే భార్య కొంగుకు ఒక ముడి వేసుకునేది. కొడుకు కూడా వెళ్తే రెండో ముడి. వాళ్ళు తిరిగొచ్చాక విప్పేది. కొందరి కొంగుల్లో ఆ ముళ్ళు విప్పకుండా అలాగే ఉండిపోయేవి.

రాజుగారి భార్య వారుణీదేవి తీరసీమ ఆడపడుచు. వాళ్ళకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ధవళుడు, నడిపివాడు పింగళుడు, చిన్నవాడు నీలుడు. ముగ్గురికీ తలపాగా చుట్టడం తల్లే నేర్పింది, తన పుట్టింటి పద్ధతిలో.

ముగ్గురూ చదువుకోసం దూరదేశంలో ఉన్న గురువుగారి దగ్గరికి వెళ్ళారు. వాళ్ళు అక్కడ ఉండగానే వారుణీదేవి జబ్బుచేసి చనిపోయింది. రాణిగారి మీద ఏ సీమ బట్ట కప్పాలని గొడవ మొదలైంది. మా ఇంటి బిడ్డ, తెల్లబట్ట కప్పాలన్నారు తీరసీమవాళ్ళు. మా ఏటి ఒడ్డున కాపురం చేసింది, నీలిబట్ట కప్పాలన్నారు ఏటిసీమవాళ్ళు. ఆమెకు పట్టం కట్టింది మా కొండ మీద, గొంగళి కప్పాలన్నారు కొండసీమవాళ్ళు. మాటా మాటా పెరిగింది. పాడె పక్కనే కర్రలు లేచాయి. పదకొండు మంది చచ్చిపోయారు. రాణి ముఖం మీద ఎవరిదో నెత్తురు చిందింది.

రాజు ఆ నెత్తురును తన ఉత్తరీయంతో తుడిచాడు.

అప్పుడు ఏడు సముద్రాల అవతలి నుంచి ధూమ్రకుడనే మాంత్రికుడు వచ్చాడు.

"మహారాజా, వీళ్ళ పోట్లాటంతా కట్టూబొట్టూ గురించే కదా. అందరి బట్టలూ నాకు ఇప్పించండి. అందరికీ ఒకే రకం బట్ట నేనిస్తాను. ఎవరు ఎవరో తెలియకపోతే ఇక ఎవరితో పోట్లాడతారు?" అన్నాడు.

"తీసుకుపో" అన్నాడు రాజు.

భటులు ఇల్లిల్లూ తిరిగారు. గొంగళ్ళు, నీలిచీరలు, తలపాగాలు బళ్ళకెత్తి ఓడల్లో వేశారు. అందరికీ బూడిదరంగు బట్ట పంచారు. రాజు కూడా అదే కట్టుకున్నాడు.

మొదట్లో అందరూ బాగుందనే అనుకున్నారు. పోట్లాటలు లేవు. తర్వాత పాటలు ఆగిపోయాయి. ఆ తర్వాత పేర్లు మరిచిపోవడం మొదలైంది. వేట నుంచి పడవలు తిరిగొస్తే ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్ళకు ఎవరు ఏ ఇంటి మనిషో తెలియలేదు. సంతలో తప్పిపోయిన పిల్ల అమ్మా అమ్మా అని ఏడుస్తూ తిరిగితే, పక్కనే ఉన్న తల్లి ఎవరి పిల్లో పాపం అనుకుంటూ వెళ్ళిపోయింది.

చదువు ముగించుకుని రాకుమారులు వచ్చేసరికి రాజు గోడ మీది రాణి బొమ్మ ముందు కూర్చుని ఉన్నాడు.

"మీరెవరు నాయనా?" అని అడిగాడు. తర్వాత బొమ్మకేసి చూపించి, "ఈమె ఎవరో మీకేమైనా తెలుసా?" అన్నాడు.

జరిగింది తెలిసి ధవళుడు ఆ క్షణమే పట్టుబట్టలతో, కత్తితో, ఓడెక్కి మాంత్రికుడి మీదికి వెళ్ళాడు. ఆరు నెలలు చూశారు. రాలేదు. పింగళుడు కవచం తొడుక్కుని వెళ్ళాడు. ఇంకో ఆరు నెలలు చూశారు. అతనూ రాలేదు. ఇక మిగిలింది నీలుడు.

నీలుడు సముద్రం ఒడ్డుకు వచ్చాడు. అక్కడ గంగులవ్వ అనే ముసలి బెస్తమనిషి వలముక్కలు ఒంటికి చుట్టుకుని కూర్చుని ఉంది. చచ్చినా బూడిదబట్ట కట్టనని మొండికేసిన మనిషి ఆమె.

"మీ అన్నలకు చెప్పిందే నీకూ చెబుతాను నాయనా" అంది అవ్వ. "ఆ మాంత్రికుడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలక ఎక్కడుందో నాకు తెలియదు. మీ అన్నలు రాజుల్లా వెళ్ళారు. దూరం నుంచే వాడి కంట పడ్డారు. నువ్వు మామూలు మనిషిలా వెళ్ళు. అడిగినవాళ్ళకు సాయం చెయ్యి, నీకు కావలసింది అడుగు."

నీలుడు నగలు తీసి ఇసుకలో పెట్టి, అవ్వ ఇచ్చిన వలగుడ్డ చుట్టుకున్నాడు. కొంచెం దూరం నడిచేసరికి ఒడ్డున ఒక పెద్ద తాబేలు కాళ్ళకు బూడిదనూలు చుట్టుకుని కొట్టుకుంటోంది. పక్కన తుమ్మచెట్టు మీద గిజిగాళ్ళ గుంపు అదే నూలులో చిక్కుకుని ఉంది. ఓపిగ్గా పోగు తర్వాత పోగు విడదీశాడు. పొద్దున మొదలుపెడితే సాయంత్రం అయింది.

"నా వీపు మీద ఎక్కు" అంది తాబేలు.

"మేమూ వస్తాం. అల్లిక పని ఏదైనా ఉంటే చెప్పు" అన్నాయి గిజిగాళ్ళు.

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, మూడు దాటారు. అలా ఏడూ దాటారు. అవతలి ఒడ్డున ఇల్లూ వాకిలీ ఏమీ లేవు, ఒక్క కోట తప్ప. కోట ముందు గొర్రెలు నిలబడి ఉన్నాయి. ఒంటి మీద బొచ్చు ఒక్క వెంట్రుక కూడా లేదు. చలికి వణుకుతున్నాయి. నీలుడు తన వలగుడ్డలో సగం చింపి అన్నిటికంటే ముసలి గొర్రెకు కప్పాడు.

మాంత్రికుడు బయటికి వచ్చాడు. అన్నలనూ జనం బట్టలనూ ఇమ్మని నీలుడు అడిగాడు.

"నీ అన్నలు కావాలా? బట్టలు కావాలా? మూడు పనులు చెబుతాను. చేస్తే అన్నీ తీసుకుపో. ఒక్కటి తప్పినా నువ్వూ బూడిదబట్ట కట్టాలి" అన్నాడు.

మొదటి పని. కోట ముంగిట కొండంత బట్టల గుట్ట. పొద్దుగూకేలోగా ఏ సీమవి ఆ సీమకు వేరు చెయ్యాలి. అప్పటికే రంగులు వెలిసిపోయి అన్నీ ఒకేలా ఉన్నాయి. నీలుడు కూలబడ్డాడు. గిజిగాళ్ళు దిగి ముక్కులతో పోగులు పట్టి చూశాయి. ఈ నేత వదులు, ఇది ఏటిసీమది. ఈ పోగు మెలి ఎక్కువ, ఇది కొండసీమది. ఈ నూలులో ఉప్పు రుచి ఉంది, ఇది తీరసీమది. అలా ఒక్కొక్కటే లాగుతూ పొద్దుగూకేలోగా మూడు గుట్టలు చేశాయి.

రెండో పని. ఒక పెద్ద బాన. అందులో ఏ రంగు బట్ట ముంచినా బూడిదరంగే వస్తుంది. అందులోనే ముంచి వేరే రంగు తెప్పించాలి. బాన దగ్గర ఒక అమ్మాయి పని చేస్తోంది. ఆమె పేరు చెంగలువ. ఏటిసీమలో అద్దకం పనివాళ్ళ బిడ్డ. మాంత్రికుడు ఆమెను పని కోసం ఎత్తుకొచ్చాడు. చిన్నప్పటి నుంచీ నీలిమందు కలపడం వల్ల ఆమె చేతులు మోచేతుల దాకా నీలంగా ఉన్నాయి. ఎంత కడిగినా ఆ రంగు పోలేదు. ఆ చేతుల్ని చూసుకుంటూనే ఆమె తన పేరు గుర్తుంచుకుంది, ఊరు గుర్తుంచుకుంది.

"రోజూ వాడు చూడకుండా ఈ బానలో కాస్త నీలిమందు కలుపుతున్నాను" అంది మెల్లగా. "ముంచి తీస్తే రంగు కనపడదు. వాడు నవ్వుతాడు. నవ్వనివ్వండి. బట్టను గాలికి ఆరెయ్యండి."

నీలుడు బట్ట ముంచి తీశాడు. మురికి రంగులో ఉంది. మాంత్రికుడు నవ్వాడు. నీలుడు బట్టను గోడ మీద ఆరేశాడు. గాలి తగిలేకొద్దీ బట్ట ఆకుపచ్చగా మారింది, తర్వాత నీలంగా మారింది. చెంగలువ ఏడుస్తూ తల తిప్పుకుంది. బట్ట మీద ఆ రంగు చూసి ఆమెకు మూడేళ్ళయింది.

మూడో పని. మాంత్రికుడు వేరువేరు చోట్ల పట్టుకున్న వందమంది మనుషులు బూడిదబట్టల్లో వరసగా నిలబడ్డారు. గడ్డాలు పెరిగి, ముఖాలు పాలిపోయి, అందరూ ఒకేలా ఉన్నారు. వాళ్ళలో అన్నలిద్దరినీ గుర్తుపట్టాలి. నీలుడు ఒక్కొక్కరి కళ్ళలోకి చూశాడు. ఎవరూ తనను గుర్తుపట్టలేదు. అప్పుడు ఒక్కొక్కరి చేతికీ పొడుగాటి గుడ్డపేలిక ఇచ్చాడు.

"ఎండగా ఉంది. తలకు చుట్టుకోండి" అన్నాడు.

అందరూ చుట్టుకున్నారు. ఇద్దరు మాత్రం ఎడమవైపు నుంచి చుట్టి, కొసను చెవి వెనక దోపుకున్నారు. మనసు మరిచిపోయినా చేతులు మరిచిపోలేదు పిల్లలూ. నీలుడు ఆ ఇద్దరి చేతులూ పట్టుకున్నాడు.

మూడు పనులూ అయ్యాయి. మాంత్రికుడు మాత్రం మాట తప్పాడు.

"రేపు చూద్దాం" అని భోజనానికి వెళ్ళిపోయాడు.

ముసలి గొర్రె నీలుడి దగ్గరికి వచ్చింది. "వాడు ఎప్పటికీ ఇవ్వడు. చిలక పైన మగ్గాల గదిలో ఉంది. బట్టలతో పాటు మనుషుల జ్ఞాపకాలూ ఇక్కడికి వచ్చేశాయి, అవే దాని మేత. బట్టల్లో ఇంకా మిగిలి ఉన్న జ్ఞాపకాలు చిలక చస్తే తిరిగొస్తాయి. అది మింగేసినవి మాత్రం దానితోనే పోతాయి. అది మాట్లాడుతుంది. వినకు" అంది.

నీలుడు మెట్లెక్కాడు. చెంగలువ తాళంచెవి తెచ్చి తలుపు తీసింది. పంజరంలో బూడిదరంగు చిలక. అది మొదట ఎవరో జాలరి గొంతుతో మాట్లాడింది. తర్వాత ఒక పసిపిల్ల గొంతుతో ఏడ్చింది. నీలుడు పంజరం తెరిచి చెయ్యి పెట్టాడు.

"నీలా, ఎండన పడి వచ్చావా నాన్నా? కాళ్ళు కడుక్కో, అన్నం పెడతాను" అంది చిలక.

అది వారుణీదేవి గొంతు. నీలుడి చెయ్యి ఆగిపోయింది. తల్లి చనిపోయినప్పుడు అతను దగ్గర లేడు. ఆ గొంతు విని ఆరేళ్ళయింది.

"ఇంకొక్క మాట చెప్పమ్మా" అన్నాడు.

చిలక చెప్పింది. తండ్రితో ఆమె మొదటిసారి ఏం మాట్లాడిందో చెప్పింది. ధవళుడు పుట్టినప్పుడు ఏం పాడిందో పాడింది. అన్నీ తండ్రి జ్ఞాపకాలే. కింద మెట్ల మీద మాంత్రికుడి అడుగులు వినిపించాయి.

"రాకుమారా, అది మీ అమ్మ కాదు" అంది చెంగలువ.

"తెలుసు" అన్నాడు నీలుడు.

అడుగులు దగ్గరికి వచ్చాయి. నీలుడు కళ్ళు మూసుకుని చిలక మెడ విరిచేశాడు. పాట మధ్యలో ఆగిపోయింది. గుమ్మంలో మాంత్రికుడు బూడిదకుప్పలా కూలిపోయాడు.

తాబేలు తన వాళ్ళందరినీ పిలిచింది. బట్టలన్నీ, మనుషులందరూ తాబేళ్ళ వీపుల మీద ఏడు సముద్రాలు దాటి ఇంటికి వచ్చారు. ఒడ్డున మూడు గుట్టలు పోశారు. జనం వచ్చి ఎవరి బట్ట వాళ్ళు వెతుక్కున్నారు. తీరసీమ ఆడవాళ్ళు కొంగులు తడిమి పాత ముళ్ళు లెక్కపెట్టుకున్నారు. కొందరు అక్కడే కూర్చుని, మూడేళ్ళ కిందట ఏడవవలసిన ఏడుపు ఏడ్చారు. కొన్ని బట్టల కోసం ఎవరూ రాలేదు.

పింగళుడికి అన్నీ గుర్తొచ్చాయి. ధవళుడికి తన పేరు ఒక్కటే గుర్తొచ్చింది. అతను తమ్ముళ్ళను మర్యాదగా పలకరించేవాడు, పరాయివాళ్ళను పలకరించినట్టు. పింగళుడు అన్న పక్కనే ఉండి అతన్ని చూసుకుంటానని, తనకు రాజ్యం వద్దన్నాడు. అందుకని పట్టం నీలుడికి కట్టారు. చెంగలువతో పెళ్ళి జరిగింది. ఆమె పుట్టింటివాళ్ళు అద్దిన నీలిచీరే కట్టుకుంది. పెళ్ళిలో ఎవరూ గట్టిగా నవ్వలేదు, అయినా అందరూ వచ్చారు. మూడు సీమల వాళ్ళూ ఒకే పందిట్లో కూర్చుని అన్నం తిన్నారు.

నీలుడు నలభై ఏళ్ళు చల్లగా పాలించాడు. సీమల మధ్య మాటపట్టింపులు మళ్ళీ వచ్చాయి. రాజూ రాణీ వెళ్ళి మధ్యలో కూర్చుని రెండు పక్కలా వినేవాళ్ళు. ఎంత ఆలస్యమైనా విని, ఆ తర్వాతే లేచేవాళ్ళు. ఎవరి కట్టూ మార్చమని మాత్రం ఎన్నడూ అనలేదు.

ముసలి రాజు మణిదత్తుడు చాలాకాలం బతికాడు. కొడుకులను గుర్తుపట్టాడు, సీమలను గుర్తుపట్టాడు. భార్య ఒక్కతే గుర్తు రాలేదు. రోజూ పొద్దున నీలుడు తండ్రి పక్కన కూర్చుని వారుణీదేవి కథ చెప్పేవాడు. పంజరం దగ్గర విన్నదంతా, ఒక్క మాట వదలకుండా. ముసలాయన శ్రద్ధగా వినేవాడు.

"చాలా మంచి మనిషిలా ఉంది నాయనా" అనేవాడు చివరికి. "నేనూ ఒకసారి చూసి ఉంటే బాగుండేది."

"రేపు ఇంకొంచెం చెబుతాను నాన్నగారూ" అనేవాడు నీలుడు.

అలా చెబుతూనే ఉన్నాడు, ఆయన కన్నుమూసేదాకా. వాళ్ళు అలా బతికారు పిల్లలూ. మనం ఇలా చెప్పుకున్నాం.