సూదంటురాయి సాక్ష్యం

గంధపు నూనెకు పేరుపడ్డ ఒక రాజ్యంలో, గంధపు దుంగల్ని సన్నటి పేళ్లుగా నరికే పెద్ద కత్తిచక్రం ఉండేది. దాన్ని ఎద్దుల జత తిప్పేది. అక్కడి అధికారి సింగరప్పకు తన నీడ మీద కూడా అనుమానమే. సాయంత్రం కూలీల తలపాగాలు విప్పించేవాడు. ఎద్దుల నోళ్లు కూడా తెరిపించి చూసేవాడు.

ఒకే నెలలో మూడు కత్తులు విరిగాయి. సంగతేమిటో చూద్దామని రాజుగారే వచ్చారు.

"కత్తులకు సానపట్టే ఈ ఓబిలేసే దొంగ, ప్రభూ! మంచి ఉక్కు అమ్ముకుని నాసిరకం బిగించాడు," అన్నాడు సింగరప్ప.

"చెక్క తగిలితే కత్తి మొద్దుబారుతుంది గానీ ఇలా పెచ్చులూడదు దొరా. దీనికి ఇనుము తగిలింది," అన్నాడు ఓబిలేసు.

"అయితే ఎవడో కావాలనే పెట్టాడన్నమాట! వాడెవడైనా సరే, ఏడాదిపాటు కాడి కట్టించి చక్రం తిప్పించాలి!" అని సింగరప్ప రంకెవేశాడు. రాజు సరేనన్నాడు.

ఓబిలేసు ఎవరినీ సోదా చెయ్యలేదు. సూదంటురాయిని తాడుకు కట్టి, పేళ్ల కుప్పలో అటూ ఇటూ లాగాడు. మేకు ముక్కలు గుత్తిగా అంటుకొచ్చాయి. వాటి తలల మీద సింగరప్ప ముద్ర ఉంది!

దుంగల్ని ఎవరైనా మార్చేస్తారేమోనని సింగరప్పే ఒక్కోదానిలో గుర్తుగా ఒక్కో మేకు రహస్యంగా దిగ్గొట్టి ఉంచాడు.

"సానపట్టేవాడికైనా చెప్పకపోయావా?" అన్నాడు రాజు.

"ఎవర్ని నమ్మను ప్రభూ?" అని గొణిగాడు సింగరప్ప.

ఓబిలేసు ఒక ఎద్దును విప్పి, కాడిలో ఖాళీ అయిన పక్కను సింగరప్పకు చూపించాడు.

"ఇకనించి ఆ రెండో ఎద్దునైనా నమ్మక తప్పదయ్యా."