మిగిలింది నాంచారికి

ఊ కొట్టేవాళ్ళుంటేనే చెబుతాను, నిద్రపోయేవాళ్ళకి చెప్పను. అనగనగా, మా ముత్తవ్వకి వాళ్ళ ముత్తవ్వ చెప్పిన కాలంలో, ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో నాంచారి అని ఒకామె. మంగలంలో ఇసక కాచి, వడ్లు పోసి, పేలాలు వేయించి అమ్ముకునేది. ముగ్గురు బిడ్డల్ని కంది. ముగ్గురూ దక్కలేదు.

ఆ ఊరికో ఆచారం. కోడలికి ఏడో నెల వస్తే ఇంటింటి నుంచీ సూడిదలు తెస్తారు. సూడిదంటే కడుపుతో ఉన్న పిల్లకి ముచ్చటగా పెట్టే తిండి. తెచ్చినవాళ్ళ కళ్ళ ముందే పళ్ళెం ఖాళీ చెయ్యాలి. మెతుకు మిగిలితే బిడ్డకి దోషం. తిన్నాక మంచం దిగకూడదు. ఈ ఆచారం పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఎప్పుడూ కడుపుతో ఉండి ఉండడు.

సోమమ్మ కోడలు పున్నమ్మకి ఏడో నెల వచ్చింది. పొద్దున బూరెలు వచ్చాయి, తింది. మధ్యాహ్నం పులిహోర వచ్చింది, తింది. సాయంత్రం గారెలు వచ్చాయి, తింది. తిని పడుకుంది. గుండెల్లో మంట మొదలైంది. పుల్లటి తేన్పులు గొంతు దాకా వచ్చాయి. రెండో రోజూ అంతే. మూడో రోజు తిన్నది తిన్నట్టే కక్కేసింది.

"బిడ్డకి జుట్టు ఒత్తుగా ఉంటే మంట పుడుతుందిలే" అన్నారు ఇరుగుపొరుగు. సోమమ్మకి నవ్వు రాలేదు. పిల్ల చిక్కిపోతోంది, లోపలి బిడ్డ ఏమవుతుందో. పోనీ పెట్టడం మానేద్దామా అంటే, తన తొలిచూలులో తాను పళ్ళెం మిగిల్చింది. ఆ బిడ్డ పోయింది. పెడితే ఒక భయం, పెట్టకపోతే ఇంకో భయం.

పేలాలు అమ్ముకుంటూ నాంచారి ఆ గుమ్మం ముందుకి వచ్చింది. పున్నమ్మని చూసి ఆగింది.

"సోమక్కా, తిండి ఎక్కువై మంట. ఒక్కసారిగా కుక్కిపెట్టకు. కొంచెం కొంచెంగా పెట్టు. మధ్యమధ్య ఇన్ని పేలాలు, పల్చటి మజ్జిగ. తిన్నాక నాలుగడుగులు వెయ్యనీ. పడుకునేటప్పుడు తల కింద ఎత్తు పెట్టి, ఎడమ పక్కకి తిరగమను."

"మరి పళ్ళెంలో మిగిలింది?"

"నేను తింటా."

"దోషమే, నాంచారీ."

"ఉంటే నాకు తగలనీ. నా ఇంట్లో అది పట్టుకోడానికి ఎవరున్నారు?"

సోమమ్మ లోపలికి వెళ్ళింది. పళ్ళెం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

నాంచారి రోజూ మూడు పూటలా వచ్చింది. మూడు పూటలా అరుగు మీద కూచుని మిగిలింది తింది. పున్నమ్మకి మంట పూర్తిగా పోలేదు గానీ తగ్గింది. అన్నం నిలిచింది. ఊరు మాత్రం ఊరుకుంటుందా? "ముగ్గుర్ని మింగింది చాలక నాలుగోదానికి వచ్చింది" అన్నారు. నాంచారి రావడం మానలేదు. ఆ దోషాన్ని ఆమె కూడా నమ్మింది. ప్రతి ముద్దా భయపడుతూనే మింగింది.

నొప్పులొచ్చిన రోజు ఆమె గడప దాటి లోపలికి వెళ్ళలేదు. బయట అరుగు మీదే కూచుంది. లోపల బిడ్డ కేరుమంది. ఆడా, మగా అని అందరూ అడిగారు.

"ఊపిరి సరిగ్గా తీస్తోందా?" అని నాంచారి అడిగింది.

తీస్తోంది. సోమమ్మ బయటికి వచ్చి ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది.

ఆ తర్వాత ప్రతి ఇంటి నుంచీ నాంచారికి పిలుపు వచ్చేది. అలా ఏళ్ళు గడిచి, నాంచారి ముసలిదై కన్నుమూసింది. ఆమె పోగానే కోడళ్ళకి మళ్ళీ బెంగ పట్టుకుంది. మిగిలితే తినేదెవరు? అప్పుడు పళ్ళూడిన సోమమ్మ చెప్పింది: "మిగిలింది నాంచారికి. ఆమె పేరు చెప్పి వీధిలో పిల్లల్ని పిలవండి."

ఇప్పటికీ ఆ ఏటి పక్క ఊళ్ళల్లో కడుపుతో ఉన్న పిల్ల మూడు ముద్దలు తిని, "మిగిలింది నాంచారికి" అని పళ్ళెం జరుపుతుంది. ఏ అత్తా కాదనదు. ఆ పళ్ళెం పట్టుకెళ్ళి వీధిలో పిల్లలకి పంచుతారు. వీళ్ళెవరి పిల్లలని అడిగి చూడండి. నాంచారి పిల్లలని చెబుతారు.