బిరుదు వెనక కథ

ఒక ఏటికి ఈ గట్టున ఒకానొక రాజ్యం, ఆ గట్టున ఇంకొకటి. ఈ గట్టు రాజు రణభైరవుడు, ఆ గట్టు రాజు మల్లిభూపతి. ఇద్దరూ పన్నెండేళ్లు కొట్టుకున్నారు. ఎందుకు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ మానడం మాత్రం ఎవరివల్లా కాలేదు. ఇంతలో ఉత్తరాది నుంచి దోపిడీ దండు బయలుదేరిందని కబురొచ్చింది. అప్పటికి గానీ ఇద్దరికీ సంధి మాట తోచలేదు.

ఏటి నడుమ లంకలో పందిళ్లు వేశారు. మర్నాడే సంధి. అక్కడొచ్చింది చిక్కు. రణభైరవుడికి ముప్పై రెండు బిరుదులు. ఏ సభ జరిగినా ముందు అవన్నీ చదవాలి. వాటిలో ఏడు మల్లిభూపతిని తిట్టేవే.

“ఆ ఏడూ తీసేస్తేనే వస్తాను” అని మల్లిభూపతి కబురంపాడు.

“బిరుదు తీసేయడమంటే మీసం తీయించుకోవడమే. సంధి లేకపోతే పీడా పోయె” అన్నాడు రణభైరవుడు.

ఆయన కొలువులో ఏచన అనే చమత్కారి ఉన్నాడు. అతని ఊరు రేవు పక్కనే. యుద్ధంలో రెండుసార్లు తగలబడింది. అతని తల్లి మూడోసారి ఇల్లు కప్పించుకుని ఆరు నెలలు కాలేదు. దండు వస్తే మొదట దిగేది ఆ రేవులోనే. అందుకే అందరూ తలలు వంచుకుని కూర్చున్నా ఏచన లేచాడు.

“ఒక్క బిరుదూ తీయొద్దు ప్రభూ. రేపు నేనే చదువుతాను. కాకపోతే పాత ఆచారం ప్రకారం బిరుదుతో పాటు అది దక్కిన కథ కూడా చెప్పాలి. వట్టి బిరుదులు చదివి ఊరుకోవడం ఈమధ్య వచ్చిన బద్ధకం.”

కథలు కూడానా అని రాజు ఉబ్బిపోయాడు. ‘వినండి, నచ్చకపోతే మధ్యలో లేచిపోండి’ అని ఏచన ఆ గట్టుకు కబురంపాడు.

మర్నాడు లంకలో రెండు సేనలూ ఎదురెదురుగా నిలబడ్డాయి. ఏచన గొంతు సవరించుకున్నాడు.

“మల్లిభూపతి మీసం దించిన మహావీరా!”

మల్లిభూపతి చెయ్యి కత్తిపిడి మీదికి పోయింది.

“ఆ కథ వినండి. తాళ్లకోటలో మల్లిభూపతి మూడు వందల మందితో మా మూడు వేల మందిని పదకొండు రోజులు నిలువరించాడు. నీళ్లు అయిపోయాక గానీ ఆ మీసం దిగలేదు.”

పిడి మీది చెయ్యి మెల్లగా మీసం మీదికి వచ్చింది.

రణభైరవుడు ఏచనను దగ్గరికి పిలిచి పళ్లు నూరాడు. “ఒరే, ఇది నా పొగడ్తా, అతనిదా?”

“మీదే ప్రభూ. కాదంటే పిరికివాడితో పన్నెండేళ్లు కుస్తీ పట్టారని చెప్పాల్సి వస్తుంది. చెప్పమంటారా?”

రాజు కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత అందరికీ వినపడేలా అన్నాడు, “పదకొండు కాదు, పద్నాలుగు రోజులు. మూడు వందల మంది ఎక్కడ, రెండు వందలే. సరిగ్గా చదువు.”

మల్లిభూపతికి నవ్వాగలేదు. “నాకూ ఒక బిరుదుంది. ‘రణభైరవుడి ఏనుగును కూల్చిన ధీరుడు’. ఏనుగు కూలింది నిజమే. ఆయన మాత్రం లేచి, ఒంటి చెప్పుతో మావాళ్లను ఏటిదాకా తరిమాడు. ఆ రెండో చెప్పు ఇప్పటికీ మా కోటలో ఉంది.”

“ఉందా?” అంటూ రణభైరవుడు ముందుకు వంగాడు.

“రోజూ నూనె రాయిస్తున్నాను.”

ఇక ఇద్దరినీ పట్టడం ఎవరి తరమూ కాలేదు. ఒకరి శౌర్యం ఒకరు పెంచుకుంటూ పోయారు. ఏడో బిరుదుకు వచ్చేసరికి తాళ్లకోటలో మల్లిభూపతి ఒక్కడే మిగిలాడు, కూలిన ఏనుగులు తొమ్మిదయ్యాయి. సేనలు నిలబడలేక ఇసకలో కూలబడి నవ్వాయి. సంధి పత్రం మీద ముద్రలు పడ్డాయి.

పడవవాళ్ల వేషంలో వచ్చిన దండు వేగులు ఇదంతా విన్నారు. అలాంటివాళ్లు ఇద్దరు ఒక్కటయ్యారని వెళ్లి చెప్పారు. దండు వచ్చిన దారినే తిరిగిపోయింది.

రణభైరవుడు పొంగిపోయాడు. “ఏచనా, నీకూ ఒక బిరుదు ఇస్తాను.”

“వద్దు ప్రభూ. బిరుదు చదివితే కథ కూడా చెప్పాలి. నేను ఎవరిని గెలిచానని చెప్పను?”

రాజు రెప్పలార్పాడు. సంగతి బుర్రకెక్కగానే పాగా జారిపోయేలా నవ్వాడు. చేతి బంగారు కడియం తీసి ఏచన చేతికి తొడిగాడు.

“ఇది ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే, దారిలో దొరికిందని చెప్పు” అన్నాడు.