నక్క వేసిన గారె

గుట్ట వెనక పాకల్లో జంతువులన్నీ ఇరుగూ పొరుగూగా బతికే కాలంలో, నక్క జిత్తప్పకి రెండు రోగాలుండేవి. ఒకటి ఆకలి, రెండోది అతితెలివి. ఆకలికి మందు ఎవరో ఒకరి ఇంట్లో దొరికేది. రెండోదానికే ఎక్కడా దొరకలేదు.

ఆ రోజు ముసురు పట్టింది. కోడిపెట్ట పున్నమ్మ వంటపాకలోంచి అల్లం, పచ్చిమిర్చి కలిపిన మినప్పిండి వాసన గుప్పుమంది. పొయ్యి మీద బాణలిలో నూనె కాగుతోంది. జిత్తప్ప భుజాన ఉత్తరీయం సర్దుకుని గుమ్మంలో వాలాడు.

"ఏం వదినా, గారెలా?"

"అవును మరిదీ. జ్వరం తగ్గాక ఎద్దు మామ నోరు చప్పగా ఉందన్నాడు. నీకూ రెండు పెడతాలే గానీ, ముందు ఆ వేలాడే గుడ్డతో పొయ్యి దగ్గరికి రాకు."

జిత్తప్పకి ఒళ్లు మండిపోయింది. రెండట, రెండు! వాయి మొత్తం ఒక్కడే లాగించే మొనగాడికి! అందులోనూ ఒక కోడి బుద్ధులు చెప్పడమా?

"అయ్యో వదినా, గద్ద! దిబ్బ మీద నీ పిల్లలు!" అని కేకేశాడు.

పున్నమ్మ గుండె గుభేలుమంది. అయినా ముందు పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది. మసిగుడ్డతో బాణలి దించి పక్కన పెట్టింది. అప్పుడు పరుగెత్తింది.

"పిల్లలకంటే బాణలే ముద్దు కాబోలు!" అని జిత్తప్ప నవ్వుకుంటూ లోపలికి దూరాడు. తీరా చూస్తే పళ్లెంలో ఒక్క గారె లేదు. ఉన్నది పిండే.

"ఇదేమన్నా బ్రహ్మవిద్యా? పడేస్తే గారె, తీస్తే నోట్లో!"

బాణలి మళ్లీ ఎక్కించి, కట్టెలన్నీ ఎగదోశాడు. మంట బాణలి అంచులు నాకింది. నూనె పొగలు కక్కింది. "ఆహా, కాగింది!" అని సంబరపడి, నీళ్లోడుతున్న చేత్తో ఇంత పిండిముద్ద తీసి దూరంనుంచి విసిరాడు. నూనె చిటపటమని మంటలోకి చిమ్మింది. బాణలి భగ్గుమంది.

మూత పడేస్తే పోయేదానికి, మన మేధావి చెంబెడు నీళ్లు గుమ్మరించాడు!

మంట చూరుదాకా లేచింది. మీసాలు మాడాయి. ఉత్తరీయం అంటుకుంది, దాని వెంట తోకా అంటుకుంది.

"చచ్చాన్రోయ్! వదినా!"

గద్దా లేదు, గిద్దా లేదని తిట్టుకుంటూ వస్తున్న పున్నమ్మ గుమ్మంలోంచే అరిచింది. "గుడ్డ విసిరెయ్! పోయి బురదలో దొర్లు!"

జిత్తప్ప వాకిట్లో పడి దొర్లాడు. పున్నమ్మ పెద్ద ఇత్తడి మూత పక్కనుంచి జరిపి బాణలి మీద కప్పింది, కట్టెలు లాగేసింది. గాలాడక మంట చచ్చింది. చూరు వానకి నానివుండబట్టి పాక మిగిలింది.

అందరూ పోగయ్యారు. తోక మీద చల్లటి నీళ్లు పోయిస్తూ ఎద్దు మామ అడిగాడు. "ఏరా, ఏమైంది?"

"నాదేం లేదు మామా. ఆ బాణలే మంచిది కాదు."

"ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట!" అని మేక పకపకా నవ్వింది. "మరి గద్ద ఏదిరా? అదీ బాణల్లోనే పడిందా?"

జిత్తప్పకి కాలిన తోక మంటకంటే ఆ నవ్వులే ఎక్కువ మండాయి.

పున్నమ్మ బాణలి చల్లారేదాకా ఆగి మూత తీసింది. అడుగున బొగ్గులా మాడిన ముద్దని ఆకులో పెట్టి వాడి ముందుంచింది.

"ఇదిగో మరిదీ, నీ చేత్తో వేసిన గారె. ఎవరూ వాటా అడగరు, తీరిగ్గా తిను."

ఊరందరినీ మోసం చేసే నోరున్నా, పొయ్యి ముందు పనికొచ్చేది జాగ్రత్త ఒక్కటే.